ఆపకూడని మందు

పోయిన వారం కథ ఆగేసరికి ప్రవీణ వంటసాల గుమ్మంలో ఆగిపోయింది. మనమూ ఆమె వెనకే ఆగాం. లోపల, పొయ్యి మీంచి దించిన మూకుడులో కానుగ నూనె, తేనెమైనం, ఆకు పసరు కలిసి చల్లారుతున్నాయి. మూకుడు ముందు పీట మీద కూర్చున్న అత్త అమ్మన్నమ్మ ఒడి నిండా మందుల షాపు ట్యూబులు. ఒక్కొక్క ట్యూబునూ తోక దగ్గర నుంచి మడుస్తూ, నొక్కుతూ, తెల్లటి ముద్దను మూకుడులోకి పిండుతోంది.

ఆ మూకుడులోది గణపతిరావు మందు. ఒడిశాలోని ఈ గుడారిలోనే కాదు, గుణుపురం దాకా దానికి పేరుంది. తండ్రి దగ్గర నుంచి వచ్చిన ఆకు మందు, ఎంత మొండి చర్మరోగాన్నయినా వేరుతో సహా తీసేస్తుందని గణపతిరావు నమ్మకం. కోడలు ప్రవీణ కూడా నమ్మింది. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మెడ చుట్టూ, మోకాళ్ళ వెనక దురద పుట్టి రక్తం వచ్చేదాకా గోకేది. బంధుగాం నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చాక మావగారి మందుతో ఆ బాధ మాయమైంది. కానీ ఒక్క పూట రాయకపోతే ఒళ్ళంతా నిప్పు అంటుకున్నట్టు మండేది. మళ్ళీ రాస్తే చల్లబడేది. కూతురు రష్మికి కూడా బుగ్గల మీద అదే ఎరుపు మొదలైనప్పుడు, నాయనమ్మ రోజూ స్నానం చేయించి అదే మందు పూసేది. పిల్ల నున్నగా, గుండ్రంగా తయారైంది. చూసినవాళ్ళంతా దిష్టి తగులుతుందనేవారు.

భర్త ధనుంజయ్ కొరాపుట్ దగ్గర టౌన్‌షిప్‌లో టెక్నీషియన్. క్వార్టరు ఇంకా రాలేదు. అతన్ని చూడ్డానికి వెళ్ళినప్పుడు ప్రవీణ మెడికల్ కాలేజీలో చర్మం డాక్టరు లక్ష్మిప్రియకు తన చేతులు చూపించుకుంది. మాటల్లో ఫోన్‌లో ఉన్న రష్మి ఫొటో చూపిస్తే డాక్టరు నవ్వలేదు. “ఈ బుగ్గలు బలం కాదు. మీరు రాస్తున్న దాంట్లో గట్టి స్టెరాయిడ్ ఏదో ఉండి ఉంటుంది. పాపను తీసుకురా. అప్పటిదాకా ఉన్నట్టుండి ఆపకండి” అంది.

పాపను తీసుకెళ్ళడం ప్రవీణ వల్ల కాలేదు. తన ఇంట్లో మందు ఉండగా తన మనవరాలిని ఆస్పత్రికి తీసుకెళ్తే ఇక తన గుమ్మం ఎవరు తొక్కుతారని మావగారు అడ్డం పడ్డాడు. వచ్చే వారం సెలవు పెడతానని ధనుంజయ్ ప్రతి వారమూ అంటూనే ఉన్నాడు. నలుగురు ఆడవాళ్ళు కూడినచోట కూడా ప్రవీణ నోరు విప్పలేదు. ఏమని చెబుతుంది? ఆ మందు తన ఒంటికీ కావాలి.

ఇప్పుడు ఆ మందు తయారయ్యే చోట నిలబడి ఉంది.

“తలుపేసీ అమ్మీ,” అంది అమ్మన్నమ్మ.

గొంతులో తడబాటు లేదు. అదే ప్రవీణను ఎక్కువగా భయపెట్టింది. లోపలికి వచ్చి తలుపు మూసింది. కిటికీ లేని గది. పొయ్యిలో తడి కట్టెలు రాజుకోక పొగ కమ్మింది. బయట వాన పెంకుల మీద ఒకటే మోత.

“ఏటిది అత్తా?”

“సూసినావు గదా. మళ్ళీ అడగతావేటి?”

“ఎన్నాళ్ళ నుంచి?”

అమ్మన్నమ్మ చేతిలోని ట్యూబును ఇంకోసారి మడిచి, మిగిలిన కాస్తా పిండి, ఖాళీ రేకును పొయ్యిలోకి తోసేసింది. వీధి అరుగు మీంచి గణపతిరావు కేక వినిపించింది.

“ఒలే! అయిందా నేదా? సంత జనం వానలో నిలబడున్నారు!”

“అయిపోనాది! తెస్తన్నాను!” అని అమ్మన్నమ్మ బదులిచ్చింది. కూర ఉడికిందా అని అడిగితే చెప్పినట్టే ఉంది ఆ గొంతు. ఎన్ని సంతలకు, ఎన్నిసార్లు ఇదే గొంతుతో ఈ మూసిన తలుపు వెనక నుంచి జవాబు చెప్పిందో!

“మావయ్యకి తెలుసా?” అంది ప్రవీణ.

“తెలిస్తే బతుకుతాడేటి?”

ఆ మాటతో అమ్మన్నమ్మ చేతులు ఆగిపోయాయి. తల ఎత్తి కోడలిని చూసింది. పొగకో, దేనికో, కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“మా మావ సచ్చిపోనాక ఈయన సేతి మందు పని సెయ్యనేదమ్మీ. అదే ఆకు, అదే నూనె. మా మావ కాలంలో పని సేసిందా అంటే నాకేటి తెలుసు? తగ్గినోలు వచ్చి సెప్పీవోరు. తగ్గనోలు ఇంక రారు గదా. ఈయన దగ్గిరికి మాత్తరం తగ్గనోలే వచ్చీవోరు. ముసలాయన సేతి గుణం నీకు రానేదేటి గణపతీ అని నలుగురిలో అడిగీవోరు. అన్నం మానీసినాడు. పొద్దత్తమానం పొలం గట్టు మీద కూకుండీవోడు. వంశధార పొంగిన ఏడది. గట్టు మీద ఆయన్ని అలగ సూస్తే నాకు బయ్యం ఏసీది.”

“అందుకని?”

“ఆ ఏడు నా సేతులకి దురద. గుణుపురం మందుల షాపులో ట్యూబు ఇచ్చేడు. రాసుకున్నాను, పోనాది. అప్పుడు ఒక్క మనిసికి కలిపినాను. ఒక్క మనిసికే అనుకున్నాను. ఆ మనిసి కొబ్బరికాయ పట్టుకొచ్చి మీ మావయ్య కాళ్ళకి దండం ఎట్టేడు.” అమ్మన్నమ్మ రెండు చేతులూ జోడించి చూపించింది. “ఆ దినం ఆయన మొగం నువ్వు సూడనేదమ్మీ. ఆ మొగం సూసినాక మరెలగ మానీమంటావు?”

ప్రవీణకు జాలి కలిగి ఉండేదే. కానీ దానికన్నా ముందు కోపం వచ్చింది. రవిక చెయ్యి పైకి లాగి మోచేతి మడత అత్త ముఖం ముందు పెట్టింది. చర్మం ఉల్లిపొరలా పల్చబడి, కింద నీలి నరాలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. చంక దాకా ఊదారంగు చారలు పాకాయి.

“ఇదిగో, ఇది సూడు. పెళ్ళయిన కాణ్ణుంచి నీ మందే. రాస్తే ఇలాగ. మానితే మంట. రాయకుండా ఉండలేను, రాసి బతకలేను. నన్ను ఈ డబ్బీకి కట్టీసినావు అత్తా!”

“సిన్నగా మాటాడు.”

“ఎందుకు సిన్నగా?”

“మరి నీ డాక్టరమ్మ ఇచ్చినాదో?” అమ్మన్నమ్మ కూడా లేచి నిలబడింది. “నువ్వు కొరాపుట్ నుంచి తెచ్చి పెట్టెలో దాసుకున్న ట్యూబు నేను సూడనేదనుకున్నావేటి? పట్టుకెల్లి షాపులో అడిగినాను. అదీ ఈ జాతి మందేనన్నాడు. ఆవిడిస్తే వైద్దెం, నేనిస్తే ఇసమేటి?”

ఆ ప్రశ్న ప్రవీణ తనలో తాను చాలాసార్లు వేసుకున్నదే. కొరాపుట్‌లో డాక్టరు లక్ష్మిప్రియనూ ఇదే అడిగింది. డాక్టరు కోప్పడకుండా ప్రవీణ చూపుడు వేలు పట్టుకుని, వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి సన్నగా మందు పెట్టి చూపించింది.

“వేలి మీద ఇంత పెట్టింది డాక్టరమ్మ,” అంది ప్రవీణ తన వేలు చూపిస్తూ. “రెండు అరిచేతులంత చోటుకి ఇదే సరిపోద్దంట. అదీ ఎర్రగా లేచిన చోటే, ఒళ్ళంతా కాదు. మెడకీ మొహానికీ తేలిక రకం. మోచేతికి కొంచెం గట్టిది. తగ్గిందని ఒక్కసారిగా వదిలీకూడదు. రోజు విడిచి రోజు, తరవాత శని ఆదివారాలు మాత్రం, ఎప్పుడూ లేచే చోట్లలోనే రాసుకోమంది. రోజూ రాసుకోవాల్సింది ఈ మందు కాదత్తా, ఒట్టి తెల్ల క్రీము. నీళ్ళు పోసుకుని, తడి ఆరకముందే ఒళ్ళంతా. అదే అసలు మందంట నాలాంటోళ్ళకి.”

“ఎన్నాళ్ళు?”

“ఎన్నాళ్ళంటే ఎప్పుడూను. ఇది పోయే జబ్బు కాదంట. అణిచి పెట్టుకోవాల్సిన జబ్బు. ఏరుతో సహా తీసేస్తానని ఆవిడ నాకు సెప్పలేదు. మన అరుగు మీద సెప్తారు ఆ మాట.” ప్రవీణ రవిక చెయ్యి కిందికి లాక్కుంది. “నేను ఆకు పసరు గదా, ఏటవుద్దిలే అని రెండు పూటలా పట్టించుకున్నాను. వానాకాలంలో ఇంకా ఎక్కువ. ఏటి రాసుకుంటున్నానో తెలిస్తే కదా ఎంత రాసుకోవాలో తెలిసేది! అసలు ఎంత కలుపుతావు?”

అమ్మన్నమ్మ మూకుడు వైపు చూసింది. “సేతికొచ్చినంత. మొండి రోగాలకి మరి కాస్త.”

“పాప డబ్బీలోనూ అంతేనా?”

అమ్మన్నమ్మ పీట మీద మళ్ళీ కూలబడింది. ఇంతసేపూ నిటారుగా ఉన్న వీపు వంగిపోయింది.

“పాపకి మానీసినాను,” అంది నేల చూస్తూ.

“ఏటి?”

“నువ్వు కొరాపుట్ నుంచి వచ్చినాక పిల్ల బుగ్గలు పట్టుకుని అదోలా సూసీదానివి. నేనూ సూసినాను. నుదుటి మీద, సెంపల మీద సన్నంగ నూగు వస్తాంది. ఆడపిల్లకి అదేటని బయ్యం ఏసినాది. ఆ మర్నాటి నుంచి దానికి ఒట్టి కానుగ నూనె రాస్తన్నానమ్మీ. ఒట్టు. ఒక్క బొట్టు కూడా కలపనేదు.” ఏదో దయ కోరుతున్నట్టు తలెత్తింది. “ఆ మందు దానికింక తగలనేదు.”

ఉన్నట్టుండి ఆపకండి అన్న డాక్టరు మాట ప్రవీణ చెవిలో మోగింది.

ఆ మాట ఆమె అత్తకు చెప్పలేదు. చెబితే మందును అనుమానించినట్టవుతుంది, అత్త మావగారి చెవిన వేస్తుంది, ఇంట్లో రాద్ధాంతం అవుతుంది, పాపను ఇక గడప దాటనివ్వరు. అందుకని దాచింది. అత్త తన భయాన్ని కోడలి దగ్గర దాచింది. ఒకే ఇంట్లో, ఒకే పిల్లకు ఇద్దరూ కలిసి నీళ్ళు పోస్తూ, ఎవరి మూట వాళ్ళు మోశారు.

అప్పుడే వరసగా అన్నీ గుర్తుకొచ్చాయి. రష్మి అన్నం చూస్తే మూతి తిప్పుకోవడం. ఆడుతూ ఆడుతూ నేల మీదే పడుకుని నిద్రపోవడం. ఒళ్ళు కాస్త వెచ్చబడితే పళ్ళు వస్తున్నాయిలే అనుకోవడం. పొద్దున తాగిన పాలు తాగినట్టే కక్కేసి, మళ్ళీ నిద్రలోకి జారుకుంది. బుగ్గల మీద ఎరుపు మళ్ళీ లేచింది. వాన గాలికనుకుంది.

“ఆపకూడదంట అత్తా!” అని కేక పెట్టి తలుపు తోసుకుని నడవలోకి పరిగెత్తింది.

ఉయ్యాల్లో రష్మి పడుకున్నట్టే ఉంది. ప్రవీణ ఎత్తుకోగానే తల వెనక్కి వాలిపోయింది. ఒళ్ళంతా చల్లటి చెమట. చేతులు మంచుముద్దలు. “అమ్మీ, రష్మీ, లేమ్మా” అని బుగ్గ తట్టింది. పిల్ల కళ్ళు సగం తెరిచి, ఎటో చూసి మూసేసింది. ఏడవలేదు. ముట్టుకుంటే చాలు గోల పెట్టే పిల్ల ఏడవలేదు.

ప్రవీణ ఫోన్ తీసింది. అదృష్టం బాగుండి డాక్టరు లక్ష్మిప్రియ వెంటనే పలికింది. ఆమె హిందీలో అడుగుతుంటే ప్రవీణ తెలుగూ హిందీ కలిపి చెప్పింది. మందు ఆపేశారని వినగానే అవతల గొంతు మారిపోయింది.

“విను. ఒళ్ళు తనంతట తాను తయారు చేసుకోవాల్సింది ఇన్నాళ్ళూ బయటి మందు ఇచ్చింది. పాప ఒళ్ళు ఆ పని మానేసింది. ఇప్పుడు మందూ లేదు, ఒంట్లో ఊటా లేదు. ఇది జ్వరం కాదు, పళ్ళు కాదు. కొరాపుట్ దాకా వద్దు. దగ్గరున్న సర్కారీ ఆస్పత్రికి ఈ క్షణమే వెళ్ళు. ఆ డాక్టరుకు ఏం రాశారో దాచకుండా చెప్పు. చెప్పకపోతే వాళ్ళు మామూలు వాంతులనుకుంటారు. వెళ్ళి నాకు ఫోన్ ఇయ్యి.”

“ఏటి రాసేవు? పేరేటి?” ప్రవీణ వెనక్కి తిరిగి అరిచింది.

అమ్మన్నమ్మ చీర కొంగులో ఇంకా పిండని ట్యూబొకటి ఉండిపోయింది. తీసి ఇచ్చింది. ప్రవీణ చదివింది. క్లోబెటాసోల్. ఫోన్‌లో ఆ మాట వినగానే లక్ష్మిప్రియ “పరిగెత్తు” అంది.

వీధిలోకి వెళ్ళాలంటే అరుగు దాటాలి. అరుగు మీద జనం. మధ్యలో చాప మీద గణపతిరావు, తెల్లటి పంచె, నుదుట గంధం, ఎవరిదో ముసలి పాదం ఒడిలో పెట్టుకుని చూస్తున్నాడు. పిల్లను భుజాన వేసుకుని వచ్చిన కోడలిని చూసి పాదం కింద పెట్టాడు.

“ఏటైందమ్మీ?”

“పాపకి బాగులేదు మావయ్యా. ఆస్పత్రికెళ్ళాలి.”

“ఆస్పత్రికా?” ఆయన చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. గొంతు తగ్గించాడు. “ఇంతమంది ముందరేటి ఆస్పత్రంటావు? దురద లేసినట్టుంది, బుగ్గలు సూడు. మందు రాయ్, సర్దుకుంటాది.” పక్కనున్న డబ్బీ అందుకుని మూత తీసి, తన చేత్తోనే పిల్ల బుగ్గకు రాయబోయాడు.

ప్రవీణ వెనక్కి జరిగింది. వెనక గోడ తగిలింది. ముందు మావగారి చెయ్యి, ఇరువైపులా జనం మోకాళ్ళు, తడి గొడుగులు. ఎటూ దారి లేదు.

“తప్పుకోండి మావయ్యా!”

కోడలు ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదలు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. అంతలో పిల్ల తల ఆయన వైపు వాలింది. ఆ వాలడం ఆయన కళ్ళబడింది. డబ్బీ జారి కింద పడింది. మరో మాట లేకుండా లేచి, అరుగు కింద ఆగివున్న ఆటో వైపు చూసి, “ఒరే కన్నయ్యా! బండి తియ్!” అని అరిచాడు.

గుడారి ఆస్పత్రి దూరమేం కాదు. కానీ సంత రోజు రోడ్డంతా మేకలు, కూరగాయల గంపలు, టార్పాలిన్లు. కన్నయ్య హారన్ నొక్కుతూనే ఉన్నాడు. ఆటోలో ముగ్గురూ ఒకరినొకరు రాసుకుని కూర్చున్నారు. గణపతిరావు మనవరాలి పాదాలు రెండు చేతుల మధ్య పెట్టి రుద్దుతున్నాడు. అమ్మన్నమ్మ వాన పడుతున్న వైపు ముఖం తిప్పుకుంది. ప్రవీణ ఒక్కటే ఆలోచిస్తోంది. అక్కడ నేను చెప్పాలి. ఈయన పక్కనుండగా చెప్పాలి. చెబితే ఈయన ఏమైపోతాడు? చెప్పకపోతే పిల్ల?

ఆస్పత్రిలో నర్సు గణపతిరావును చూడగానే దారి ఇచ్చింది. కుర్ర డాక్టరు పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, కనురెప్ప ఎత్తి చూసి, పొట్ట నొక్కి, ఒడియాలో గబగబా అడిగాడు. వాంతులా? విరేచనాలా? ఎన్నాళ్ళ నుంచి? ఏమైనా మందులు వాడుతున్నారా?

ప్రవీణ నోరు తెరిచేలోపే గణపతిరావు ముందుకొచ్చాడు.

“మందులేటీ నేవు బాబూ,” అన్నాడు ఒడియాలోకి మారుతూ. గొంతులో దిగులున్నా మాటలో ఎక్కడా సందేహం లేదు. “పుట్టిన కాడి నుంచి దీని ఒంటి మీద మా ఇంటి ఆకు పసరు తప్ప ఇంకోటి పడలేదు. నా చేత్తో ఏరిన ఆకు. మా నాన్న నేర్పిన మందు.”

నర్సు తల ఊపింది. “అవును సార్. మా ఇంట్లోనూ అదే వాడతాం. మంచి మందు.”

డాక్టరు సరేనన్నట్టు సెలైన్ సీసా తెమ్మన్నాడు. వాంతులకు ఇంజెక్షన్ పేరు చెప్పాడు. అంతా మామూలుగా, మర్యాదగా జరిగిపోతోంది. లక్ష్మిప్రియ భయపడిందే జరిగిపోతోంది.

“సార్...” అంది ప్రవీణ.

ఆమె మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. అమ్మన్నమ్మది. నోరు మూయిస్తోందనుకుని ప్రవీణ విదిలించుకోబోయింది. కానీ ఆ చెయ్యి ఆమెను పక్కకు జరిపింది. అమ్మన్నమ్మ తానే బల్ల దగ్గరికి నడిచింది.

“ఆకు పసరు కాదు బాబూ.”

గణపతిరావు భార్య వైపు తిరిగాడు. “ఏటంటన్నావే నువ్వు?”

ఆవిడ ఆయన్ని చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు కాబోలు. డాక్టరు చొక్కా గుండీల వైపే చూస్తూ, వచ్చిన ఒడియాలో, రాని చోట తెలుగులో చెప్పుకుపోయింది. “షాపు మందు. ట్యూబు మందు. నేనే కలిపినాను. రోజూ రాసినాను, ఒళ్ళంతా. ఇప్పుడు నేనే మానీసినాను. ఈయనకి తెల్దు. పసరే అనుకుంటన్నాడు. ఇన్నాళ్ళూ పసరే అనుకున్నాడు.”

ప్రవీణ ట్యూబును డాక్టరు చేతిలో పెట్టి, ఫోన్‌లో లక్ష్మిప్రియను కలిపి ఇచ్చింది. డాక్టరు వింటూ, తల ఊపుతూ, రష్మి గుండ్రటి ముఖాన్నీ చెంపల మీది నూగునూ కొత్త చూపుతో చూశాడు. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకునే నర్సుకు, పాప ఒంట్లో ఎండిన ఊటకు బదులిచ్చే వేరే ఇంజెక్షన్ పేరు చెప్పాడు. “హైడ్రోకార్టిజోన్. తొందరగా. గ్లూకోజు కూడా.”

సూదికి పిల్ల చేతిలో నరం దొరకలేదు. రెండోసారి ప్రయత్నించారు. రష్మి కదల్లేదు. చీలమండ దగ్గర దొరికింది. మందు ఎక్కింది. గ్లూకోజు ఎక్కింది. ప్రవీణ పిల్లను ఒళ్ళో పెట్టుకుని, అట్టకు కట్టిన చిన్న పాదం కదలకుండా పట్టుకుని కూర్చుంది. బయట వాన తగ్గి మళ్ళీ పెరిగింది. ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు. పిల్ల పెదవులకు నెమ్మదిగా రంగు వచ్చింది. కనుబొమలు ముడిపడ్డాయి. నోరు సాగింది. తర్వాత గొంతెత్తి, ఆస్పత్రి అంతా వినబడేలా ఏడుపందుకుంది.

ప్రవీణ కూడా ఏడ్చింది. అమ్మన్నమ్మ గోడకు ఆనుకుని నేల మీదికి జారిపోయింది.

గణపతిరావు మాత్రం బల్ల పక్కన నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు. భార్యను తిట్టలేదు, అడగలేదు. తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు, ఎవరిదో చెయ్యి చూసినట్టు.

కుర్ర డాక్టరు ఆయన దగ్గరికి వచ్చాడు. మాట మర్యాదగానే ఉంది. “బాబాయ్, ఈ మందు ఇంకా ఏ పసిపిల్లలకు ఇచ్చారు?”

గణపతిరావు వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయాడు. ఎవరెవరో గుర్తొస్తున్నారు. నర్సు తన నోరు తానే మూసుకుంది. ఆమె ఇంట్లోనూ చంటిపిల్ల ఉంది.

“ఈ సంతకొచ్చినోలే సానా మంది,” అన్నాడు చివరికి. “పిల్లలు గుండ్రంగా అయ్యేరని నాకు తెచ్చి సూపించీవోరు. నేను ఎత్తుకునీవోణ్ణి.”

డాక్టరు చేతిలో ఫోన్ మోగింది. లక్ష్మిప్రియే మళ్ళీ. ఆయన మాట్లాడుతూ కిటికీ వైపు జరిగాడు. ఆ క్షణంలోనే గణపతిరావు కండువా భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచాడు.

“ఎక్కడికి మావయ్యా?”

“ఒక్క డబ్బీ మిగలనివ్వనమ్మీ. సంతలో ఉన్నోల అందరి సేతుల్లోంచీ లాగీసి వంశధారలో పారీస్తాను. ఈ దినం నుంచి ఎవుళ్ళూ నా మందు ముట్టకూడదు. సాలు.”

“వద్దు!” ప్రవీణ లేవబోయింది. ఒళ్ళో పిల్ల. పిల్ల చీలమండలో సూది. సూదికి గొట్టం. లేవలేక మళ్ళీ కూలబడింది. “మావయ్యా, అలాగ ఒక్కసారి మానిపించకూడదు! ఆళ్ళకీ ఇలాగే అవుద్ది! వాళ్ళని ఇక్కడికి పిలుచుకు రండి, పారేయమనకండి!”

రేకుల వసారా మీద వాన హోరెత్తింది. రష్మి ఏడుపు, వాన, డాక్టరు ఫోన్ మాటలు అన్నీ కలిసిపోయాయి. ఆయన వెనక్కి తిరగలేదు. విన్నాడో లేదో తెలియదు.

“అత్తా, ఆపు ఆయన్ని!”

అమ్మన్నమ్మ నేల మీంచి లేచి, తూలుతూ గుమ్మం దాటి పరిగెత్తింది. “ఏటండీ! ఒక్క మాట ఇనండి!” అని ఆయన ఎక్కిన ఆటో కమ్మీ పట్టుకుంది. గణపతిరావు ఆ చేతిని చూశాడు. ఇన్నాళ్ళూ తన మూకుడు కాచిన చెయ్యి. ఒక్కొక్క వేలూ విడిపించి పక్కకు తీశాడు.

“ఇంక నీ మాట నేనేటీ ఇనను,” అన్నాడు. “పోనీరా కన్నయ్యా.”

వానలో తడుస్తూ అమ్మన్నమ్మ రోడ్డు మీదే నిలబడిపోయింది. చంటిపిల్లల తల్లులంతా ఇంకా గుడారిలోనే ఉన్నారు. సంత విడవడానికి ఇంకా పొద్దుంది. కన్నయ్య ఆటో సంత వైపు తిరిగింది.